పెద్ద టీచరుగారికి గంతలు కట్టిన రోజు

మొన్న సాయంత్రం మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ, హుడ్‌వింక్ అంటే ఏమిటి అమ్మమ్మా అని అడిగి, నేను ఉత్సాహం పట్టలేక కుర్చీ ముందుకు లాక్కునేలోగా ఫోను చూసేసి, మోసగించడమట అంటూ పేజీ తిప్పేసింది. గొంతుదాకా వచ్చిన కథ అక్కడే ఆగిపోయింది. మీరైతే వింటారని చెబుతున్నాను.

రాజోలు దగ్గర ఒక ఆడపిల్లల బడిలో నన్ను టెంపరరీ టీచరుగా వేసుకున్న కొత్త. మా తాత నూనె గానుగ దగ్గర ఎద్దును తోలిన మనిషి, నాన్న పొలం కూలీ, నెల జీతమన్నది మా ఇంటికి నాతోనే వచ్చింది. అది నిలుస్తుందో లేదో బడికి పెద్ద టీచరుగారు నా పాఠం విని తేలుస్తానన్నారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఆవిడ వెనక బెంచీలో కూర్చున్న రోజే పాఠంలో ఈ మాట వచ్చింది. మోసగించడం అని చెప్పి గట్టెక్కాననుకుంటే, ముందు బెంచీ పిల్ల లేచి, హుడ్ అంటే ముసుగు కదండీ, అదెందుకు వచ్చిందిందులోకి అని అడిగింది. నాకు తెలియదు. రేపు చెప్పండి, రేపూ వస్తాను అని పెద్ద టీచరుగారు వెళ్ళిపోయారు.

సాయంత్రం బస్సెక్కి అమలాపురం లైబ్రరీకి పరుగెత్తి, రెండు చేతులా ఎత్తాల్సిన నిఘంటువు తెరిచానండీ, ఏం చెప్పను! వింక్ అంటే ఒకప్పుడు కన్ను గీటడం కాదట, కళ్ళు మూసుకోవడమట. ముసుగు కళ్ళమీదికి లాగి ఏమీ కనబడకుండా చెయ్యడమే మొదటి అర్థమట, మోసం తర్వాత వచ్చి చేరిందట. అంటే మా తాత ఎద్దుకు కట్టిన గంతలే! పాపం అది ఉన్నచోటే తిరుగుతూ ఎంతో దూరం నడిచాననుకునేది. లైబ్రరీ అన్న సంగతి మరిచి పైకే నవ్వేశాను.

మర్నాడు ఎవరైనా వస్తే గంతలు కట్టి చూపిస్తానంటే ఒక్క పిల్లా కదల్లేదు, పెద్ద టీచరుగారే లేచి వచ్చారు. ఆవిడ కళ్ళకు నా రుమాలు కట్టి, భుజం పట్టుకుని బల్ల చుట్టూ తిప్పి తిప్పి, ఎక్కడున్నారండీ అన్నాను.

"ఆయ్, వరండాలోకి తీసుకొచ్చేసేరు కదండీ!" అన్నారావిడ ధీమాగా.

ఉన్నదేమో నా కుర్చీ పక్కనే. క్లాసంతా గొల్లున నవ్వింది. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆవిడ రుమాలు విప్పుకుని, చుట్టూ చూసి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"ఈ మాట ఇంక నేను మర్చిపోనమ్మా. మీరు ఇక్కడే ఉండిపోండి."

ఫోను చెప్పిన అర్థంలో తప్పేమీ లేదు. కానీ ఒక్క మాట కోసం బస్సెక్కడం, తెలిశాక ఎవరికి చెబుదామా అని తెల్లవార్లూ నిద్రపట్టకపోవడం ఇప్పుడు ఎవరికైనా ఉన్నాయా అని బెంగగా ఉంటుంది. ఒక్కసారి కళ్ళకు కట్టనియ్యవే అని మనవరాలిని అడుగుదామని రుమాలు మడతపెట్టి దగ్గరే ఉంచుకున్నాను. అది ఫోనులోంచి తల ఎత్తాలి.