పొట్టు ఎందుకు కరగదు?

నా చిన్నప్పుడు బోధన్‌లో మా వీధి చివర బేకరీ ఉండేది. అక్కడి బన్ను ఉంటే నాకు ఇంకేమీ అక్కర్లేదు. పొద్దున చాయ్‌లో బన్ను, మధ్యాహ్నం తెల్లన్నం. తోటకూర వడ్డిస్తే వేలితో పక్కకు నెట్టేసేదాన్ని. నీళ్లు తాగాలన్న ధ్యాసే ఉండేది కాదు.

ఒకసారి మలం గట్టిపడి, దొడ్డికి వెళ్తే ప్రాణం పోయినంత పనైంది. ఆ భయంతో, వచ్చినా ఆపుకోవడం మొదలుపెట్టాను. ఆపుకున్నకొద్దీ కడుపు రాయిలా అయింది. అమ్మకు చెబితే ఆముదం పోస్తుంది, అన్నలకు తెలిస్తే నవ్వుతారు. ఆటలు మాని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

కనిపెట్టింది పక్కింటి అక్క. ఒళ్లో చేట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది ఆమె. ఎవరూ లేనప్పుడు పిలిచి, మెల్లగా అడిగింది.

"కడుపు సాఫ్ అయితలేదా, బిడ్డా?"

నేను తల దించుకున్నాను.

"సిగ్గెందుకు? నాకు గూడ గట్లనే ఉండె. పొద్దంత కూసునుడు, నీళ్లు తాగకపోవుడు. ఇగ కడుపెట్ల కదుల్తది?"

లోపలికి వెళ్లి రెండు పళ్లేలు తెచ్చింది. ఒకదానిలో మైదా, ఇంకోదానిలో జల్లెడలో మిగిలిన గోధుమ పొట్టు వేసి, నన్నే కాసిని నీళ్లు కలపమంది. కాసేపటికి వంచి చూస్తే, మైదా పతంగులు అతికించే బంకలా పళ్లేనికి పట్టుకుంది. పొట్టు కూడా నీళ్లు పీల్చేసి ముద్దకట్టింది. ఇంకొన్ని పోయించింది. అప్పుడు పొట్టు మెత్తగా జారింది. కడుపులో అచ్చం ఇలాగే అవుతుందని కాదు గాని, పొట్టూ కావాలి, నీళ్లూ కావాలి అని చెప్పింది.

అమ్మతో కూడా ఆమే మాట్లాడింది. ఆముదం తప్పింది. జొన్నరొట్టె, తోటకూర, గింజలతో సహా జామపండు, చెంబుతో నీళ్లు మొదలయ్యాయి. వెంటనే గుణం కనిపించలేదు. పైగా కడుపు ఉబ్బరించింది. అక్క మీద నమ్మకం పోబోతుండగా, ఒక పొద్దున నొప్పి లేకుండా అయింది. చేతులు కడుక్కుని పరుగున వెళ్లి చెబితే, నేను పరీక్ష పాసైనంతగా సంతోషపడింది.

నాకైతే కొత్త సందేహం పట్టుకుంది. బన్ను కరిగిపోతుంటే పొట్టు ఎందుకు కరగదు? అక్కనే అడిగాను.

"నాకు తెల్వది. నువ్వు సదువుకొని నాకు జెప్పు."

హైస్కూల్లో జీర్ణక్రియ పాఠం వచ్చిన రోజు, పుస్తకాల సంచితోనే ఆమె దగ్గరికి వెళ్లాను. పొట్టులో ఉండే పీచు అరగదట, నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా ఉంచి ముందుకు నడుపుతుందట. ఆమె అంతా విని, మళ్లీ మొదటి నుంచి చెప్పమంది.

ఇప్పటికీ డాక్టరు ముందు కూర్చుంటే నేను ఒంటి సంగతి ఏదీ దాచను. అర్థం కాకపోతే, నా వెనక ఎంతమంది వరుసలో ఉన్నా, ఇంకోసారి చెప్పమంటాను.