ఆక్సిజన్ సిలిండరుకు నువ్వుల నూనె

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సిలిండర్లు ఎంచుకునేటప్పుడు కూడా మా బావతో, అంటే మా అక్క మొగుడితో, రెండు రోజులు పోట్లాడాను. వరి పండించుకునే ఇంట పుట్టినవాళ్ళం. మా వంశంలో సముద్రంలోకి మోకాళ్ళు దాటి దిగినవాళ్ళు లేరు. అలాంటిది మేమిద్దరం యాభై మీటర్ల లోతులో ఉన్న ఓ పాత ఓడను చూసి రావాలని డైవింగ్ నేర్చుకున్నాం.

అంత లోతు నుంచి గబగబా పైకి వచ్చేస్తే ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, మనిషి చచ్చినా చస్తాడు. మధ్యమధ్యలో ఆగుతూ రావాలి. ఆ ఆగే చోట్ల పీల్చడానికి వీపు మీదవి కాక, పక్కన తగిలించుకునే సిలిండర్లు వేరే కావాలి. బావ ఉక్కువే కావాలని కూర్చున్నాడు.

"ఉక్కుదైతే పది కాలాలుంటాదిరా. అల్యూమినియం ఏటి, అన్నం గిన్నెల్లాగ!"

నోటితో చెబితే వినే ఘటం కాదు. డైవింగ్ నేర్పినాయన దగ్గర ఒక్కో రకానిది ఒకటి అడిగి తెచ్చి, అరసవల్లి అవతల మా పొలంలో మోటారు దగ్గరి సిమెంటు తొట్టిలో వేశాను. ఉక్కుది ఖాళీదైనా సరే, అడుక్కి పోయి కూర్చుంది. అల్యూమినియంది నిండుగా ఉన్నప్పుడు మెల్లగా మునిగింది, ఖాళీ చేశాక తేలింది. ఇంత బరువు ఒక పక్కే లాగుతుంటే ఎలా ఈదుతావయ్యా అంటే, అప్పుడు ఒప్పుకున్నాడు మహానుభావుడు. అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన అమ్మ గట్టు మీద నిలబడి "ఏటిరా ఆ ఆటలు?" అంది. "నీకు తెలీదులే" అన్నాను.

చివరికి అల్యూమినియంవే కొన్నాం. నాకున్న రెంటిలో చిన్నది అచ్చంగా ఆక్సిజన్‌కి. ఆరు మీటర్ల కంటే లోతులో అది పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి దాని మీద పెద్దగా ఆరు అని రాశాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజకి అమ్మ కొడవళ్ళు, మోటారు, స్కూటరు, అన్నిటికీ పసుపు రాసి బొట్లు పెట్టింది. సిలిండర్లకీ పెట్టింది. బొట్లే కదా, తుడిస్తే పోతాయనుకున్నాను.

ఆదివారం ఓడ దగ్గరికి వెళ్ళాలి. శుక్రవారం ఉదయం ఆక్సిజన్ నింపించడానికి చిన్నదాన్ని భుజానికెత్తుకున్నాను. అమ్మ కాఫీ ఇస్తూ సంబరంగా చెప్పింది.

"దాని టాపు బిగుసుకుపోనాదిరా. పూజనాడు టాపుకీ, మూతికీ నాలుగు సుక్కల నువ్వుల నూని ఏసినాను. సూడు, ఎంత సులువుగా తిరుగుతన్నాదో!"

నూనె ఉన్నచోట ఆక్సిజన్ ఒత్తిడితో తగిలితే చాలు, అగ్గిపుల్ల అక్కర్లేదు, భగ్గుమంటుంది. నింపేవాడూ పోతాడు, పక్కనున్న నేనూ పోతాను.

"నన్ను సంపేద్దామనుకున్నావా ఏటి? నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని వీధి వీధంతా వినపడేలా అరిచాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. అరుపులు విని వచ్చిన బావ నన్ను అవతలికి తోసి, ఆ సిలిండరు దేనికో, నూనె ఎందుకు తగలకూడదో ఓపిగ్గా చెప్పాడు. ఆ పని నేను ఎప్పుడో చేసుండాల్సింది. అంతా విని అమ్మ నావైపు చూసింది.

"అయితే నిన్ను పైకి తెచ్చేది అదే కదరా. దానికి కాకపోతే మరి దేనికి సెయ్యమన్నావు పూజ?"

ఆదివారం ప్రయాణం మానుకున్నాం. మధ్యాహ్నం అమ్మ అన్నం ముట్టలేదు. నేనే కలిపి ముద్ద నోటికందిస్తే చేయి అడ్డం పెట్టి, "ఆ నూని ఎలాగ పోతాదిరా?" అని అడిగింది. విశాఖలో విప్పి కడిగేవాళ్ళున్నారన్నాను.

"నేనూ వస్తాను. నా సేత్తో రాసినాను, పోనాదని నా కళ్ళతో సూడాలి."

మర్నాడు ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కి ముగ్గురం వెళ్ళాం. ఆ షాపాయన టాపు విప్పి, ఏ ముక్కకాముక్క కడిగి ఆరబెట్టి, తెల్లగుడ్డతో లోపలా బయటా తుడిచి అమ్మకి చూపించాడు. గుడ్డ మీద మరక లేదు. అమ్మ దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది.

"ఇంకొక్కసారి తుడువు నాయినా."