పదకొండో మెట్టు మీద హంసలు

మా మరిది సోములుకి పదో ఏట విషజ్వరం వచ్చి చెవులు పోయాయి. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి ఏడాది, నాకు పద్నాలుగేళ్ళు. వాడికి మాట పోలేదు గానీ, తన గొంతు తనకే వినపడక సంతలో కేకేసినట్టు మాట్లాడేవాడు. ఇంట్లో అందరూ మెల్లగా వాడితో మాట్లాడ్డం మానేశారు. తీరిక లేక కాదు, ఓపిక లేక. నేనొక్కదాన్నే వాడితో కూర్చుని సైగలు కల్పించాను. మీసం మెలేస్తే వాళ్ళన్న. కొంగు దులిపితే వాన. నా భుజం నేనే తట్టుకుంటే 'బాగుంది'. మా ఆయన అప్పలసూరి వాటిలో ఒక్కటీ నేర్చుకోలేదు. "నువ్వున్నావు గదే తాయారూ, నువ్వే సెప్పు" అనేవాడు. ఎదుట ఎవరి పెదాలు కదిలినా సోములు నా వైపు తిరిగి "ఏటంతన్నారొదినా?" అని అడిగేవాడు. రోజుకి యాభైసార్లు అడిగేవాడు. విసుక్కుంటూనే చెప్పేదాన్ని.

బొబ్బిలి దగ్గర మాది వీణలు చేసే ఇల్లు. పనస దుంగ తొలిచి వీణకి రూపం తేవడం, మైనం మీద మెట్లు స్వరానికి సరిగ్గా నిలబెట్టడం, అంటే మేళం కట్టడం మా ఆయన పని. మేళానికి చెవి కావాలి. అందుకని సోములుకి నగిషీ పని ఇచ్చారు. దుప్పికొమ్మును పలచగా కోసి, సన్న రంపంతో పువ్వులూ ఆకులూ తీసి, కర్రలో గాడి తవ్వి పొదిగేవాడు. ఆకురాయి పెట్టి సాపు చేశాక వేలితో తడిమితే కర్ర ఎక్కడ ఆగిందో కొమ్ము ఎక్కడ మొదలైందో నాకైతే ఎన్నడూ అందలేదు. వీణ కొన్నవాళ్ళు మాత్రం మా ఆయన్నే మెచ్చుకుని వెళ్ళేవారు. ఆయన కాదనేవాడు కాదు.

సోములుకి ఒకటే ఆశ. దుంగ నుంచి మొదలుపెట్టి ఒక్క వీణ సొంతంగా చేయాలని, దాని మీద తన పేరు చెక్కుకోవాలని. ముప్ఫై దాటినా పెళ్ళి ఊసెత్తలేదు గానీ, ఈ వీణ సంగతి మాత్రం ఏటేటా దసరాకి ముందు నాచేత అడిగించేవాడు. మా ఆయన "సూద్దాం" అనేవాడు.

అరవై ఏడు వేసవిలో గరివిడి ఫ్యాక్టరీ గుమాస్తా గణపతిరావు గారు ఒక గిటారు తెచ్చారు. నాటకాలకి వాయిస్తారట. కలకత్తాలో కొన్నది. దాని మెట్ల పలక ఉత్త నల్ల కర్ర, గుర్తులేమీ లేవు. తెర పక్కన గుడ్డి వెలుతురులో వేలు ఏ మెట్టు మీద పడుతోందో తెలియడం లేదన్నారు. తెల్లగా గుర్తులు పొదగాలి, అవీ చుక్కలు కాదు, మంచి నగిషీ కావాలి. కాగితం మీద మూడు, ఐదు, ఏడు, తొమ్మిది, పన్నెండు అని రాసిచ్చారు. మొదటి నాలుగు చోట్లా మల్లెమొగ్గ, పన్నెండు దగ్గర జంట హంసలు. నెలకి వస్తానని తీగలు విప్పేసి, వాద్యం మా అరుగు మీద పెట్టి వెళ్ళారు.

మా ఆయనకి ఆ రోజు హుషారుగా ఉంది. "ఈ పని కుదిరితే ఈ దసరాకి దుంగ ఇస్తాను. మేళం మట్టుకు నేను కడతాను. ఆడికి సెప్పు" అన్నాడు. చెప్పాను. సోములు లేచి వెళ్ళి పెరట్లో ఆరబెట్టిన దుంగలన్నీ గోటితో కొట్టి చూసొచ్చాడు. వినపడదు కదా, మరి చేతికి ఏం తెలిసిందో.

చిక్కు లెక్క దగ్గర వచ్చింది. వీణకి తల దగ్గర తీగలు ఆనే పట్టీని మేరువు అంటారు. తీగని ఏ మెట్టు మీదా నొక్కకుండా మీటితే షడ్జమం అక్కడే పుడుతుంది గనక, మా ఇంట్లో మేరువునే ఒకటో మెట్టుగా లెక్కపెడతారు. మా మామగారి నాటి నుంచీ అంతే. మా ఆయన గిటారుకీ అలాగే లెక్క కట్టి సుద్దతో గీతలు పెట్టాడు.

సోములు ఆ గీతలు చూసి, దారం తీసుకుని గిటారు తల దగ్గరి పట్టీ నుంచి కింది పట్టీదాకా, తీగ సాగే పొడుగు కొలిచాడు. దారం సగానికి మడిచి పలక మీద పరిచాడు. "వొదినా, తీగ సగం ఇక్కడ. మన వీణకైనా పై షడ్జమం సగం దగ్గరే గదా. జంట హంసలు ఈ మెట్టుకే ఉండాల. అన్న ఒక మెట్టు ముందే గీసినాడు. మేరువుని కలపకూడదు" అన్నాడు, వీధంతా వినపడేలా.

మా ఆయన ముఖం ఎర్రబడింది. పక్కింటి ఎల్లాజీ గోడ మీద నుంచి చూస్తున్నాడు. "వినపడనోడు నాకు షడ్జమం సెప్తాడేటి? గీసినకాడ తవ్వమను" అన్నాడు మా ఆయన. సోములు నా వైపు తిరిగాడు. గీసినచోటే తవ్వమన్నాడని చేతులతో చెప్పాను. వాడు దారం చుట్టేసి ఉలి తీసుకున్నాడు.

ఇరవై రోజులు పట్టింది. ఆ హంసల మెడలు వెంట్రుక వాసిలో ఒకదాన్నొకటి తాకకుండా ఆగాయి. రెక్కల మీద ఈకలు గీసి నల్ల లక్క నింపాడు. వాడు చేసిన వాటిలో అంతటి పని నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

గణపతిరావు గారు వచ్చి గుడ్డ తీసి చూసి, ముందు నవ్వారు. తర్వాత వేలితో మెట్లు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "ఇదేటండీ, పన్నెండని రాసిస్తే పదకొండు మీద పెట్టేరు? అన్నీ ఒక మెట్టు ముందే ఉన్నాయి. వీటిని చూసి వేలు వేస్తే అపస్వరమే గదా" అన్నారు. కోప్పడలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. పలక ఐదు చోట్ల తవ్వేశాక ఎవరేం చేయగలరు?

మా ఆయన గిటారు వైపు చూశాడు. ఆయనకి అర్థమైపోయింది, నాకు తెలుసు. చుట్టుపక్కల ఎవరి వీణ శ్రుతి తప్పినా ఈయన దగ్గరకే తెచ్చేవారు. ఆయన ఒకసారి గోడ మీద నుంచి చూస్తున్న ఎల్లాజీ వైపు చూశాడు. తర్వాత "మా తమ్ముడు సెవిటోడు బాబూ. నేనొకటి సెప్తే ఆడొకటి సేసినాడు" అన్నాడు.

సోములు నా కొంగు లాగాడు. "ఏటంతన్నారొదినా?"

ఉన్నది ఉన్నట్టు చెప్తే వాడు ఊరుకుంటాడా? ఆ గొంతుతో, ఆ పెద్దమనిషి ముందర, ఎల్లాజీ వింటుండగా, దారం తెచ్చి మళ్ళీ కొలిచి చూపిస్తాడు. మా ఆయన పరువు ఏం కాను? ఆ క్షణాన నాకు మొగుడి పరువే కనపడింది. నా భుజం నేను తట్టుకున్నాను.

సోములు ముఖం విప్పారింది. రెండు చేతులూ జోడించి గణపతిరావు గారికి నమస్కారం పెట్టాడు. ఆయన వాడిని వింతగా చూసి, గిటారు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అన్నం తింటూ వాడన్నాడు: "అన్న లెక్కే రైటొదినా. నేనే తప్పు కొలిసినాను." నేను వాడి కంచంలో ఇంకో గరిటె పప్పు వేశాను.

మర్నాడు మా ఆయన నగిషీ రంపం, ఉలులు తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఊళ్ళో మాట పాకిపోయింది, వాడి చేతికి నగిషీ ఇస్తే ఇక బేరాలు రావన్నాడు. నగిషీ బయట చేయిస్తాడట, వీడు దుంగలు తొలవాలట, దసరా మాట మరిచిపోవాలట. అదంతా నేనే చెప్పాలి. చెప్పాను, కారణం తప్ప.

వాడు చాలాసేపు నా చేతుల వైపే చూశాడు. "పని బాగుందన్నారు గదొదినా. మరెందుకు?" అన్నాడు. నేను చీపురు తీసుకుని అరుగు మీది రంపపు పొట్టు ఊడ్చాను. కాసేపటికి వాడే అన్నాడు, ఎప్పుడూ లేనిది, గొంతు తగ్గించి: "అన్న లెక్కకి అడ్డు సెప్పినాను. అందుకేనా?"

అవునని తల ఊపాను.

సోములు ఇంకో పద్నాలుగేళ్ళు బతికాడు. బెరడు తీయడం, దుంగ తొలవడం తప్ప మరో పని చేయలేదు. పీటకి కోడు విరిగినా, ఎంత పొడుగు కోయాలో అన్నని అడగమని నన్ను పంపేవాడు. కొలవరా అంటే, నా కొలత తప్పొదినా అనేవాడు. ఇంట్లో ఇంకెవరు ఏం చెప్పినా నా ముఖం చూసేదాకా నమ్మేవాడు కాదు. నేను చెబితే మాత్రం నమ్మేవాడు.