నాలిక మీద మొదటి చుక్క

వేడి నీళ్ళలో నిమ్మ ఉప్పు కరిగేటప్పుడు ఒక వాసన వస్తుంది. నిమ్మకాయ వాసన కాదది. ముక్కు లోపల సన్నటి సూదితో గుచ్చినట్టుండే పుల్లటి ఆవిరి. ఇవాళ పొద్దున్న కొట్టు తలుపులు ఓరగా వేసి, కాఫీ మిషను బాయిలరులో ఆ నీళ్ళు పోసి, కింద చిన్న మంట పెట్టేసరికి ఆ ఆవిరి లేచింది. లేచీ లేవగానే రూతమ్మగారు వచ్చి నా పక్కన నుంచున్నట్టయింది. ఆవిడ పోయి చాలా కాలమైంది. అయినా ఈ వాసన తగిలినప్పుడల్లా నేను కొంచెం పక్కకి జరిగి ఆవిడకి చోటిస్తాను. అది చూసి మా కోడలు నవ్వుతుంది. నాకు సంతకం పెట్టేటంత చదువే గానీ ఇదంతా రాసేటంత లేదు. అందుకని నేను చెబుతుంటే, ఆ నవ్వే పిల్లే రాస్తోంది. రూతమ్మగారిని చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను.

మాది ఉప్పలగుప్తం దగ్గర పల్లె. మా ఆయన కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. ఒక వానాకాలం, తడిసిన చెట్టు మీంచి జారి పడిపోయాడు. పరిగెత్తుకెళ్ళి ఒక్క అరుపు అరిచాను. ఆ అరుపుతో నా గొంతు పగిలిపోయింది, మళ్ళీ బాగుపడలేదు. ఇప్పటికీ నేను మాట్లాడితే కొత్తవాళ్ళు తలతిప్పి చూస్తారు. అరిచాను గానీ ఏడవలేదు. ఏడుపు రాలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళు "రాయి ఇది" అన్నారు. పాలు తాగే పిల్లాణ్ణి మా అమ్మకి అప్పగించి, పని వెతుక్కుంటూ అమలాపురం వచ్చాను. బస్టాండు పక్క సందులో రూతమ్మగారి కాఫీ కొట్టుంది, గ్లాసులు కడగడానికి మనిషి కావాలని ఎవరో చెప్పారు.

అప్పట్లో ఆ మిషను ఉన్న కొట్టంటే గొప్ప. అసలు పేరు వేరేదైనా మేమందరం ఎక్స్‌ప్రెస్ కాఫీ అనేవాళ్ళం. తళతళలాడే ఇత్తడి రేకు, మీద ఒక గోపురం, పక్కన ఆవిరి గొట్టం. పాల జగ్గులో ఆ గొట్టం పెట్టి మర తిప్పితే బుస్సుమని నురగ లేచేది. వేసవి వచ్చిందంటే దాన్ని పెళ్ళిళ్ళకి అద్దెకి తీసుకెళ్ళేవారు. అది బుసకొడుతుంటే పెళ్ళివారికి అదో హోదా.

"నా పేరు సత్తి అండి. గ్లాసులు కడుగుతాను. వెనకాలే ఉంటాను" అన్నాను మొదటి రోజు.

"వెనకాలెందుకూ?" అందావిడ.

"నేను ముందుకి రాకూడదు కదండీ."

రూతమ్మగారు నా మొహం వంక, బోసి నుదుటి వంక చూసింది. పాన తెచ్చి నా చేతిలో పెట్టి, "ఈ నట్టు విప్పు. నా మణికట్టు పనిచెయ్యట్లేదు" అంది. విప్పాను. లోపల చెయ్యి పెట్టమంది. బాయిలరు గోడకి ఏదో గరుగ్గా తగిలింది. గీరితే గుడ్డు పెంకులా ఊడి వచ్చింది, తెల్లగా.

"అది గార, సత్తీ. సున్నం. బోరు నీళ్ళు పోస్తే పట్టేస్తది. బయట అద్దంలా తోముతాం, లోపల ఇదీ. ఇది మందమైతే గ్యాసు తాగేస్తది, గొట్టం మూసుకుపోతది, ఆవిరి బయటకెళ్ళే మర బిగుసుకుపోతది. బిగుసుకుంటే ఏమవుతుందో ఇదిగో" అని జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి మీద చర్మం ముడుచుకుపోయి, కాచిన పాలమీగడలా ఉంది.

అలా గ్లాసుల దగ్గరికి పోకుండానే నేను మిషను మనిషినైపోయాను. ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చాక, కొట్టు మూసి ఇద్దరం దాన్ని కడిగేవాళ్ళం. చల్లారిన బాయిలరు ఖాళీ చెయ్యడం, నిమ్మ ఉప్పు నీళ్ళు పోసి సన్నటి సెగ మీద ఉంచడం, దింపి తెల్లటి మడ్డి తీసేయడం, ఆవిరి గొట్టం కొసన ఉన్న చిల్లుల్ని పిన్నీసుతో పొడవడం. తర్వాత మంచినీళ్ళతో కడగడం. మళ్ళీ కడగడం. ఆవిడ నోరు ఊరుకునేది కాదు. నేను మెల్లగా పనిచేస్తే, "ఏమే, దానికి తలంటు పోస్తున్నావా, పెళ్ళిచూపులకి తీసుకెళ్తావా?" అనేది. నాకు నవ్వొచ్చేది. మా ఆయన పోయాక నన్ను మొదటిసారి నవ్వించింది ఆవిడే.

రూతమ్మగారి గురించి ఇంకొకటి చెప్పాలి. ఆవిడా మొగుడు పోయినదే. మిషను కొన్నది ఆయనే, కొన్న కొన్నాళ్ళకే జ్వరమొచ్చి పోయాడంట. అయితే వాళ్ళలో బొట్టు పెట్టుకోరు కదా. ఆయన ఉన్నప్పుడూ లేదు, పోయాకా లేదు. మెడలో సన్న గొలుసు అలాగే ఉండేది. చూసినవాళ్ళకి తెలిసే దారి లేదు. పెళ్ళిళ్ళలో ఎవరైనా "మీవారు రాలేదాండీ?" అంటే, "ఆయ్, రాలేదండి" అని పాలజగ్గు అందుకునేది. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఆ మాటన్న తర్వాత కాసేపు నా వైపు చూసేది కాదు. పెళ్ళిళ్ళకి నన్ను తీసుకెళ్ళినా మిషను వెనక, గోపురం చాటున నిలబెట్టేది. నేనూ తల దించుకునే మరలు తిప్పేదాన్ని.

ఆ వేసవి ఎండలు మండిపోయాయి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా, సరిగ్గా పెళ్ళిళ్ళప్పుడే మాకు మంచినీళ్ళుండవు. డ్రమ్ముల్లో దాచిన కాలవ నీళ్ళు కాఫీకే సరిపోవు. రూతమ్మగారు మండపేటలో రైసు మిల్లువారింట పెళ్ళి ఒప్పుకుంది. మిషను అప్పటికే గార పట్టి బరువుగా మూలుగుతోంది. పెళ్ళి రోజు తెల్లారే నిమ్మ ఉప్పు వేసి దింపాం. "ఒక్కసారి నీళ్ళు తిప్పి తొలిపితే చాలు, మిగతా నీళ్ళు అక్కడికి కావాలి" అంది. వ్యాను జొన్నాడ దగ్గర వంతెన దిగుతుంటే, "గోదారి నీళ్ళు తెచ్చి ఇంకొకసారి కడుగుదామండీ" అన్నాను. డ్రైవరు, మగపెళ్ళివారు దిగిపోయి ఉంటారని గోల పెట్టాడు. "పోనీలేవే, పద" అందావిడ.

మేం వెళ్ళేసరికి నిజంగానే దిగిపోయారు. కాఫీ, కాఫీ అని కేకలు. బాయిలరు నిండా నీళ్ళు పోసి మంట పెద్దది చేశాం. తొందరలో ఎక్కువ పోశాం. ఆవిరితో పాటు నీళ్ళూ ఎగజిమ్మి జగ్గులో పడ్డాయి. పాలు నురగ కట్టలేదు. మా కళ్ళ ముందే ముక్కలు ముక్కలయ్యాయి. ఇంకో జగ్గు పెట్టాం, అదీ విరిగింది.

అటుగా వస్తున్న పెళ్ళికూతురి అమ్మమ్మగారు ఆగిపోయింది. "పెళ్ళింట పాలు విరిగేయా!" అంటూ గోపురం చాటుకి తొంగి చూసింది. నన్ను చూసింది. నా నుదురు చూసింది. "అదీ సంగతి. ఈ మొహాన్ని ఎవరు తెచ్చేరు ఇక్కడికి? ముహూర్తం పెట్టుకుని ఈ విధవ చేత పాలు ముట్టిస్తారా?"

జనం మూగారు. పోయింది, ఇంక నన్ను ఏ పెళ్ళికీ రానివ్వరు, ఏ కొట్లోనూ నిలబెట్టుకోరు, పిల్లాడి నోటి దగ్గర కూడు పోయింది అనుకున్నాను. రూతమ్మగారు ఊరుకుంటే చాలు. నోరు విప్పక్కర్లేదు, నన్ను వ్యానులో కూచోబెడితే సరిపోయేది. కొత్త పాలు తెప్పించేవారు, ఆవిడ మిషను తిరిగేది. ఎవరైనా అదే చేస్తారు. నేనే వ్యాను వైపు అడుగేశాను కూడా.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. బాయిలరు కుళాయి తిప్పి గ్లాసులో కాసిని నీళ్ళు పట్టి, ఊదుకుని తన నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ గ్లాసు పెద్దావిడ ముందు పట్టింది.

"ఒక్క చుక్క చూడండమ్మగారూ. పులుపు. మిషను కడగడానికి పొద్దున్న నిమ్మ ఉప్పు వేశాం. సరిగ్గా తొలవలేదు. ఈ పిల్ల దారిలో కడుగుదామంది, నేనే వద్దన్నాను. పాలు నా చేతుల్లో విరిగేయండి, దాని చేతుల్లో కాదు."

"ఉప్పో పప్పో నాకెందుకు! విధవని తేవడం తప్పా కాదా?"

"అలాగైతే నేనూ అంతేనండి."

"అంతే అంటే?"

"మా ఆయన పోయి చాలా ఏళ్ళయిందండి. మాకు బొట్టు లేదు కాబట్టి మీకు తెలీలేదు. నేనూ చెప్పలేదు. మీ పెద్ద మనవరాలి పెళ్ళికీ నేనే కాఫీ పోశానండి ఈ చేతుల్తో. ఆ రోజు ఒక్క చుక్క విరగలేదు. ఆవిడ పిల్లాపాపల్తో చల్లగా ఉన్నారు కదండీ."

ఆ పెద్ద మనవరాలు చంకలో పిల్లతో అక్కడే ఉంది. ముందుకొచ్చి గ్లాసు తీసుకుని నాలికకి తగిలించుకుంది. "పుల్లగానే ఉంది అమ్మమ్మా" అంది మెల్లగా. పెద్దావిడ ఆ అమ్మాయి చేతిలోంచి గ్లాసు లాగి కింద పారబోసింది. మిల్లు ఆసామి వచ్చి, "కాఫీలూ వద్దు, ఏమీ వద్దు. మిషను బయట పెట్టించండి" అన్నాడు. చల్లారకుండానే దాన్ని గోనెసంచుల్లో చుట్టి వ్యానెక్కించాం.

జొన్నాడ రేవు దగ్గర రూతమ్మగారు వ్యాను ఆపించింది. ఎండకి ఇసక కాలుతోంది. మిషను దింపించి, బిందెతో గోదారి నీళ్ళు తెచ్చి పోసి తొలవడం మొదలెట్టింది. నేను మోస్తున్నాను, ఆవిడ తిప్పి ఒంపుతోంది. ఒంపిన ప్రతిసారీ ఒక చుక్క నాలిక మీద వేసుకుని తల అడ్డంగా ఊపుతోంది.

"ఎందుకు చెప్పేరండీ? ఇంక మిమ్మల్నీ పిలవరు" అన్నాను.

"పుల్లగా ఉంది కదే. ఉందనే చెప్పాను."

"అది కాదండీ. రెండోది."

ఆవిడ బిందె కింద పెట్టింది. "అదా. 'రాలేదండి, రాలేదండి' అని ఎన్ని పెళ్ళిళ్ళలో అన్నానో. పాపం ఆయన ఎక్కడ కూచుని వింటున్నాడో అనిపించేది సత్తీ. నీ వెనక దాక్కుంటే ఇంక అంతకంటే సిగ్గుందా? పట్టు, ఇప్పుడు నువ్వు చూడు."

దోసిట్లో పోసింది. నాలిక మీద వేసుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు. చెట్టు కింద రానిది, ఇంట్లో రానిది, ఆ ఇసకలో వచ్చింది. పగిలిన గొంతుతో ఎలా ఏడ్చానో ఏమో, రేవులో బట్టలుతికేవాళ్ళు ఆగిపోయారు. రూతమ్మగారు ఊరుకోమనలేదు. చాలాసేపు ఎండలో అలాగే నుంచుంది. చివరికి, "పులుపుందా?" అంది.

"తెలీడం లేదండీ."

"ముక్కు చీదుకుని మళ్ళీ చూడు."

ఆ తర్వాత పెళ్ళిళ్ళవాళ్ళు మా సందులోకి రావడం తగ్గిపోయింది. ఇద్దరు విధవల కొట్టు అని వెక్కిరించినవాళ్ళున్నారు. ఆవిడ వినపడనట్టు, "పంచదార ఎక్కువా తక్కువా అండీ?" అని అడిగేది. వేసవులు కష్టంగా గడిచాయి. మండపేట మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. ఒక్కటి మాత్రం మారింది. ఆ రోజు నుంచి నన్ను గోపురం చాటున నిలబెట్టలేదు. ఆవిడ కుళాయి వైపు, నేను కాఫీ అందించే వైపు.

చివర్లో ఆవిడకి ఆయాసం ఎక్కువై మంచం పట్టింది. పిల్లల్లేరు. నేనే పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పట్టుకెళ్ళేదాన్ని. తాగలేకపోయేది, మూత తీసి వాసన చూసేది. ఒకరోజు కళ్ళు తెరవకుండానే, "ఆదివారం కడిగేవా?" అంది.

"కడిగేనండి."

"నాలిక మీద వేసుకున్నావా?"

"వేసుకున్నానండి."

"ఆయ్" అంది. ఆవిడ నాతో అన్న ఆఖరి మాట అదే.

మిషను నా చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ పెళ్ళిళ్ళకి పిలుస్తున్నారు. పిలవడానికి వచ్చినవాళ్ళు కూర్చోగానే ముందు ఒక మాట చెబుతాను. "మా ఆయన పోయేరండి. నేనే వచ్చి నేనే పోస్తాను. మీకిష్టమైతేనే." కొందరు లేచి వెళ్ళిపోతారు. కొందరు ఉంటారు. ఉన్నవాళ్ళింటికే వెళ్తాను.

ఇందాక మా కోడలు రాయడం ఆపి, "చాలత్తయ్యా, నీళ్ళు తేటగానే వస్తున్నాయి, పాలు పోసేయనా?" అంది. కుళాయి కింద వేలు పెట్టి ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను. ఇంకా కొంచెం పులుపుంది. పాలు ఆపమని చెప్పి, ఇంకో బిందె తెమ్మన్నాను.