బావి పక్క డీజిల్ ట్యాంకు

శంషాబాద్ దాటాక, విమానాలు చక్రాలు దించుకుంటూ తల మీదుగా పోయే చోట ఒక లారీల యార్డు ఉంది. అందులోని డీజిల్ ట్యాంకును చూసుకునే మనిషి బాలమల్లు. ట్యాంకు నిలబడ్డ నేల ఒకప్పుడు ఆయన జొన్నచేనే. విమానాశ్రయం వస్తుందన్న ఊపులో చేను అమ్ముడుపోయింది. కంచె అవతల ఇరవై గుంటలు, ఒక బావి మిగిలాయి. ఇంటికైనా పాలకూర మడులకైనా ఆ బావి నీళ్లే.

2009లో ట్యాంకు పెట్టారు. లోపల ఇనుప ట్యాంకు, దాని చుట్టూ జానెడు మందాన కాంక్రీటు, రెండింటి నడుమ సన్నని సందు. ఇనుము కారితే డీజిల్ ముందు ఆ సందులోకే దిగుతుంది. అది తెలుసుకోవడానికి పైన మరమూత ఉన్న గొట్టం పెట్టారు. రోజూ పొద్దున బాలమల్లు అందులోకి పొడుగాటి కడ్డీ దించి తీసేవాడు. పొడిగా వస్తే సూపర్‌వైజర్ గోవర్ధన్‌కు ఒక మిస్డ్ కాల్. తడిగా వస్తే ఎత్తేదాకా మోగించాలి. మూడేళ్లలో అలా మోగించే పని ఒక్కసారీ పడలేదు.

కంపెనీకి తెలియని పరీక్ష ఇంకొకటి ఉంది. తెల్లారి బావిలో తోడిన మొదటి చెంబు నీళ్లు ఆయనే తాగేవాడు. డీజిల్ వాసన తగిలితే తన నోటికే తగలాలి గానీ భార్య ఈరమ్మ దాకా పోకూడదని. ఈ సంగతి ఆమెకు చెప్పి భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాడు. తను మహా గుట్టు మనిషినని ఆయన నమ్మకం.

2012 దసరా వచ్చింది. పనిముట్లకు పూజ చేయాలి కదా. నాగలి ఏనాడో పోయింది, ఇప్పుడాయన పనిముట్టు ట్యాంకే. దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గొట్టం మెడలో బంతిపూల దండ వేశాడు. దండ జారిపోతుంటే దారం కొసను మూత కిందికి తోశాడు. దారం అడ్డుపడి మూత మర సరిగా పట్టలేదు. తర్వాత కూడా రోజూ కడ్డీ వేశాక మూతను అలాగే పెడుతూ వచ్చాడు. వాడిపోయినా పూజ దండ తీయడానికి ఆయనకు మనసొప్పలేదు.

పది రోజులకు తుఫాను ముసురు పట్టి రెండు రోజులు వదల్లేదు. మూడో రోజు కడ్డీ తడిగా వచ్చింది.

ఆ తడిని వేళ్ల మధ్య రుద్ది చూశాడు. జిడ్డు లేదు, వాననీళ్లే. హమ్మయ్య అనుకున్న ప్రాణం మరుక్షణమే ఉసూరుమంది. తప్పు తనది, చెబితే కొలువు ఊడుతుంది. కడ్డీ తుడిచేసి మిస్డ్ కాల్ ఇస్తే అడిగే నాథుడు లేడు. కానీ నీళ్లు సందులో నిలిస్తే ఇనుము తుప్పు పడుతుంది, తుప్పు తిన్న ఇనుము ఏదో ఒకనాడు కారుతుంది. ఆ చుట్టుపక్కల పల్లమంతా ఆయన బావి వైపే.

ఫోన్ కలిపాడు. ఒకసారి మోగింది. వేలు అలవాటుగా ఎర్ర బటన్ మీదికి పోయింది. దాన్ని పక్కకు తీసుకుని, అవతల ఎత్తేదాకా నిలబడ్డాడు.

"సారూ, కడ్డీ తడొచ్చింది. వాననీళ్లే. దండ దారం అడ్డం పడి మూత సక్కగ బిగియ్యలే. తప్పు నాదే."

మధ్యాహ్నానికి గోవర్ధన్ చేతిపంపుతో వచ్చి నీళ్లు తోడించాడు, సందంతా ఆరబెట్టించాడు. నీళ్లలో డీజిల్ చుక్క కూడా లేదు. పని జరిగినంతసేపూ బాలమల్లును చెడామడా తిట్టాడు. వెళ్లేముందు మాత్రం, "రేపు కడ్డీ ఏసినంక ఫోన్ చెయ్యి. మిస్డ్ కాల్ కాదు, మాట్లాడు" అన్నాడు. రేపు అన్నాడంటే కొలువు ఉన్నట్టే.

మర్నాడు కడ్డీ పొడిగా వచ్చింది. ఆ మాట ఫోన్లో చెప్పి బాలమల్లు బావి దగ్గరికి వెళ్లేసరికి ఈరమ్మ నీళ్లు తోడి, చెంబు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"మూడేండ్ల సంది నువ్వే ఎందుకు ముందుగాల తాగుతున్నవో నాకెర్క లేదనుకున్నవా? ఇయ్యాల నేను తాగుత."

సగం చెంబు గటగటా తాగి మిగతాది ఆయన చేతికిచ్చింది. బాలమల్లు చుక్క మిగల్చకుండా తాగి చెంబు బోర్లించాడు.