టీచరమ్మ చెప్పిన పేకముక్కల లెక్క

మా ఫుజైరా లెక్కల టీచరమ్మ మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయారు. కడప నుంచి ఈ గల్ఫ్‌కి వచ్చి పాతికేళ్ళుగా ఇక్కడి తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. మధ్యాహ్నానికల్లా మన వాట్సాప్ గ్రూపు సంతాపాలతో నిండిపోయింది. ఆవిడ గురించి నాలుగు మాటలు రాయమని నన్నడిగారు. "ఆ పేకముక్కల సంగతి మాత్రం వద్దమ్మా, బాగోదు" అని ఒక పెద్దాయన విడిగా ఫోన్ చేసి మరీ చెప్పారు. అది వదిలేస్తే నేను రాయడానికేం లేదు. అందుకే అదే రాస్తున్నాను. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

ట్యూషన్ వాళ్ళింటి హాల్లోనే, చాప మీద. పిల్లలు తప్పు చేస్తే తిట్టేవారు కాదు. "మళ్ళీ చెప్పు, ఈసారి నిన్ను నువ్వు నమ్మకుండా చెప్పు" అనేవారు. టీలో పంచదార మాత్రం లెక్క లేకుండా వేసేవారు.

ఒకరోజు మా అమ్మాయి ట్యూషన్ నుంచి ఇంటికొచ్చి, "అమ్మా, చేతిలో నాలుగు ఆఠీన్లుంటే ఐదోది వస్తుందా?" అనడిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళి నిలదీశాను. ఆవిడేమీ తొణకలేదు.

"ఫోన్ తెరిస్తే చాలు, ఆడు, గెలువు అని ప్రకటనలొస్తాండాయి. పిల్లోళ్ళు చూస్తానే ఉండారు. దాని లెక్క చెప్పేవాళ్ళు వద్దా? తప్పు అని చెప్తే రెండు దినాలు వింటారు. లెక్క చెప్తే మర్చిపోరమ్మా."

మిగతా తల్లిదండ్రులు ఊరుకోలేదు. పదకొండు మంది పిల్లలు కాస్తా ముగ్గురయ్యారు. "మేడమ్, ఇది హరామ్ అని మీకు తెలీదా?" అని ఒక తండ్రి గుమ్మంలోనే నిలబడి అడిగాడు. "ఆడేది హరామ్ నాయనా. లెక్క కట్టేది కాదు" అన్నారు. ఆ సాయంత్రం కూడా అవే ముక్కలు, అదే పాఠం.

నేను మా అమ్మాయిని మాన్పించలేదు. నా ధైర్యమేం కాదు, ఇంట్లో సంగతి అలా ఉంది. లాక్‌డౌన్‌లో మావారు ఫోన్లో వీడియో పోకర్ మొదలుపెట్టారు. ఐదు ముక్కలొస్తాయి, కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకోవాలి, అంతే ఆట. పోయినదంతా ఒక్క దెబ్బతో రాబట్టాలని చివరికి పోర్టు ఆఫీసులో ఉద్యోగమే మానేద్దామనుకున్నారు. మానేస్తే గ్రాట్యుటీ చేతికొస్తుంది, దాంతో ఆడొచ్చు! ఉద్యోగం పోతే ముగ్గురి వీసాలూ పోతాయి. రాజీనామా లెటర్ టైపు చేసి లాప్‌టాప్‌లో పెట్టుకున్నారు. టీచరమ్మ ముందు ఏడుస్తూ ఇదంతా చెప్పేశాను.

"తోలుకొని రా. బుద్ధి చెప్పను, లెక్కే చెప్తానని చెప్పు."

శనివారం పొద్దున మావారు పిల్లల ప్లాస్టిక్ స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నారు. ఆవిడ నాలుగు ఆఠీన్లు, ఒక ఇస్పేటు తీసి పక్కన పెట్టారు.

"కనపడనివి ఎన్ని?"

"నలభై ఏడు."

"దాంట్లో ఆఠీన్లు?"

"తొమ్మిది."

"అంటే ఐదుసార్లు అడిగితే ఒక్కసారి కూడా నమ్మకం లేదు. నాలుగూ పట్టుకోవడం మంచి ఆటే. మంచిగా ఆడినా రాదు, అదీ సంగతి." తర్వాత ఆయన ఫోన్ తీసుకుని, దేనికెంత ఇస్తారో రాసిన పట్టిక తెరిచారు. "ఐదూ ఆఠీన్లే వస్తే మంచి మెషీను ఒకటికి ఆరిస్తాది. నీది ఐదే ఇస్తాది. ఆ ఆరిచ్చేది కూడా కడాకు దాని కడుపే నింపుకుంటాది. దీన్ని ఎప్పుడన్నా చదివితివా?"

చదవలేదు. అయినా మావారు తగ్గలేదు. "వరసగా ఇన్నిసార్లు పోయాయంటే ఇక రావాలి కదండీ?"

"ముక్కకి జ్ఞాపకం ఉండదు నాయనా. నీకుంటాది. అదే నీ కష్టం. తియ్యి, చూస్తాం."

ఆవిడ ముందు మూడు సాసర్లున్నాయి. ఆఠీను వస్తే మొదటి దాంట్లో ఒక శనగ గింజ, రాకపోతే రెండో దాంట్లో. తీసిన ముక్కను మళ్ళీ కలిపేసి పరిచేవారు. మావారు 'ఇంకొక్కసారి' అంటూ తీస్తూనే ఉన్నారు. మొదటి సాసర్లో గింజలు అడుగున ఎక్కడో ఉన్నాయి, రెండోది నిండుతోంది. మూడోదీ నిండుతోంది.

"ఇది దేనికండీ?" అనడిగారు చివరికి.

"నువ్వు 'ఇంకొక్కసారి' అన్నప్పుడల్లా ఒకటి వేసినా. ఆ రెండూ ముక్కల లెక్క. ఇది నీ లెక్క."

మావారు ఆ పూట ఇక ముక్క ముట్టుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆడలేదని గొప్పలు చెప్పను. రెండుసార్లు ఆడారు, రెండుసార్లూ నాకు చెప్పారు. లెటర్ మాత్రం ఆ రోజే చెరిపేశారు. మేమింకా ఇక్కడున్నామంటే అందుకే.

నిన్న సాయంత్రం సంతాపసభ జరిగింది. అందరూ ఆవిడ క్రమశిక్షణ గురించీ, మంచితనం గురించీ చెప్పారు. పేకముక్కల మాట ఒక్కరూ ఎత్తలేదు. మావారు నాతో కూడా చెప్పకుండా లేచి నిలబడ్డారు. ముందు వరసలో వాళ్ళ ఆఫీసు మేనేజరున్నాడు.

"నేను ఫోన్లో జూదమాడేవాణ్ణండి. ఉద్యోగం వదిలేసి ఆ డబ్బు కూడా పెట్టేద్దామని లెటర్ రాసుకున్నాను. టీచరమ్మ పేకముక్కలు ముందేసి లెక్క చెప్పారు. అందుకే ఇవాళ మీ మధ్యన ఉన్నాను." అంతే అని కూర్చున్నారు. అంత గర్వం నాకు పెళ్ళయ్యాక ఎప్పుడూ కలగలేదు.

బయట పార్కింగ్‌లో ట్యూషన్ మాన్పించిన తండ్రుల్లో ఒకాయన మా వెనకే వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఆ లెక్క నాకూ కాస్త చెప్తారా?" అన్నాడు.

నేను కార్లో కూర్చున్నాను. అద్దంలోంచి చూస్తే, మావారు బానెట్ మీద పేరుకున్న దుమ్ములో వేలితో అంకెలు వేస్తున్నారు. ఆ తండ్రి వంగి, ఒక్కో అంకె చదువుకుంటున్నాడు.