మా దర్జీ మీద రాసిన వార్త

నాకు అంగీలు కుట్టే మనిషి హంతకుడయ్యాడు. మాట వింటేనే భయం పుడుతుంది గానీ, ఆయన్ను ఎరిగినవాళ్లకు అలాంటిదేమీ పుట్టేది కాదు. కొల్లాపూర్‌లో బస్టాండుకు పోయే దారిలో ఆయన దుకాణం ఉండేది. సన్నటి మనిషి, చిన్న గొంతు, మీసం లేదు. పక్క దుకాణంలో కోడిని కోస్తుంటే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఆయన చేసే అన్యాయమల్లా చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వకపోవడమే. "రేపు తీస్కపో సారూ" అన్నాడంటే ఆ రేపు ఏ నెలలో వస్తుందో ఆయనకూ తెలియదు.

ఎనభైల చివర్లో నేను ఒక దినపత్రికకు విలేకరిని. పెద్దగా ఊహించుకోకండి. వార్త రాసి, కవర్లో పెట్టి, మహబూబ్‌నగర్ పోయే బస్సు డ్రైవర్ చేతికివ్వడమే నా ఉద్యోగం. చెడిపోయిన బోరింగులు, మామిడి ధరలు, మంత్రిగారి రాక, మంత్రిగారు రాకపోవడం, ఇవే నా వార్తలు. ఒక్కసారైనా పెద్ద నేరవార్త రాయాలని మనసులో ఉండేది. అది నా అంగీ కొలతలు తెలిసినవాడి రూపంలో వస్తుందని మాత్రం అనుకోలేదు.

దర్జీ చెల్లెల్ని ఊళ్లోనే ఇచ్చారు. ఆమె భర్త మామిడితోటలు గుత్తకు పట్టేవాడు. ఆయన ఉన్నచోట నలుగురు నవ్వుతూ ఉండేవారు. ఒకసారి నా స్కూటర్ సీటు కింద బాగా మాగిన పండు దాచాడు. చీమలు పట్టి నేను బజార్లో గంతులు వేస్తుంటే, అందరికంటే ముందు వచ్చి "ఏమైంది సారూ, ఒంట్ల బాగలేదా?" అని పరామర్శించిందీ ఆయనే. దర్జీని "సూదోడా" అని పిలిచేవాడు. బావాబామ్మర్దుల పరాచికాలు కదా అని అందరం నవ్వేవాళ్లం. దర్జీ కూడా నవ్వేవాడు.

ఇద్దరి పొలాలూ పక్కపక్కనే. బావి ఒకటే. ఒక ఎండాకాలం పొద్దున దర్జీ వంతు నీళ్లను బావ తన తోటకు మళ్లించుకున్నాడు. అది మొదటిసారేమీ కాదు. దర్జీ పోయి అడిగాడు. బావ ఎప్పటిలాగే నవ్వాడు.

"అయితే ఏం చేస్తవ్‌రా సూదోడా, సూదితోని పొడుస్తవా?"

పక్క చేలో వంకాయలు తెంపుతున్న ఆడవాళ్లు ఈ మాట విన్నారు. దర్జీ చేతిలో పార ఉంది. ఒక్క దెబ్బ. బావ అక్కడికక్కడే పోయాడు. దర్జీ పారను గట్టు మీద పెట్టి, నడుచుకుంటూ పోలీస్‌స్టేషన్‌కు పోయి కూర్చున్నాడు.

నేను పోయేసరికి బెంచీ మీద ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"సారూ, నీ అంగీ అయిపాయె. గుండీలే కుట్టలె" అన్నాడు.

దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్నలన్నీ ఎటో పోయాయి. "పర్వాలేదులే" అన్నాను. నా జీవితంలో హంతకుడితో చేసిన ఇంటర్వ్యూ అదొక్కటే.

ఊళ్లో దుఃఖం ఉంది, భయం ఉంది. వాటితోపాటు రవికెల బెంగ కూడా ఉంది. పెళ్లిళ్ల కాలం; బట్టలన్నీ దుకాణంలో, దుకాణానికి తాళం. ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి, "చంపిన సంగతి సరే గాని, మా బిడ్డ పెండ్లి రవికెలు గాడనే ఉన్నయి. ఎస్సైతోని జర చెప్పరాదూ" అన్నాడు. చివరికి ఎస్సై అడిగితే, ఏ మూట ఎవరిదో, ఏ రంగు గుడ్డ ఎవరిదో దర్జీ బెంచీ మీద నుంచే చెప్పాడు. కానిస్టేబుల్ తాళం తీసి పంచాడు. ఆ దుకాణం నుంచి అందరి బట్టలూ ఒకేరోజు బయటికి రావడం అదే మొదలు, అదే ఆఖరు. బట్టలు చంకలో పెట్టుకున్నవాళ్లు ఇంటికి పోతూ, "నాకు ముందుగాల్నే అనుమానం. ఆయన కత్తెర పట్టే తీరే వేరు" అని చెప్పుకున్నారు.

నేను చూసింది చూసినట్టు రాసి పంపాను. అచ్చయిన వార్తలో మా దర్జీకి గుబురు మీసాలు, చింతనిప్పుల్లాంటి కళ్లు మొలిచాయి. ఫోన్ చేసి అడిగితే ఆఫీసులో ఉన్నాయన విసుక్కున్నాడు. "హంతకుడన్నాక ఆ మాత్రం ఉండొద్దా?"

దినాలయ్యాక దర్జీ చెల్లెలు మా ఇంటికి వచ్చింది. చేతిలో ఆ పేపరు ఉంది. కూతురితో చదివించుకున్నదట.

"మా అన్నకు మీసాలు పెట్టిన్రు, మంచిగనే ఉంది. మా ఆయనకు పేరు గూడ పెట్టలె. మృతుడు, మృతుడు అని రాసిన్రు. మృతుడైనంక నన్ను చేసుకున్నడా సారూ?"

కూర్చోమన్నాను. గడప దగ్గరే కూర్చుని భర్త గురించి చెప్పింది. కాయను వేలితో కొట్టి చూసి ఎప్పుడు మాగుతుందో చెప్పేవాడట. తనను నవ్వించందే అన్నం ముట్టేవాడు కాదట. చెబుతూ చెబుతూ ఒకచోట తనే నవ్వేసి, వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అదంతా రాసి పంపితే పత్రిక వేయలేదు. పోయినవాడు ఎలా నవ్వించేవాడో జనానికి ఎందుకన్నారు. ఇక్కడ కూడా ఆయన పేరు రాయడం లేదు. ఈసారి వద్దన్నది ఆమే.

నాగర్‌కర్నూల్ కోర్టులో మొదలైన కేసు చివరికి యావజ్జీవంతో ముగిసింది. తొంభైల చివర్లో, సత్ప్రవర్తన కింద విడుదలయ్యాడని విన్నాను గానీ ఊరికి రాలేదు. ఆ తర్వాత ఒకసారి మా ఆవిడతో చీర కొనడానికి గద్వాల పోయాను. చీరకు ఫాల్ కుట్టించాలంటే పక్క సందులో దర్జీని చూపించారు. కళ్లద్దాలు, కాస్త ఒళ్లు. ముందు ఆయనే గుర్తుపట్టాడు.

"పేపరు జైల్ల చదివిన సారూ. మీసాలు మంచిగ పెట్టినవ్."

"అవి నేను పెట్టినవి కావు."

"ఎరికనే. నీకు గంత ధైర్యం యాడిది?"

మా ఆవిడ చీర పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది. ఆయన మిషన్ తొక్కుతూ, తల ఎత్తకుండా, చెల్లెలి పిల్లల గురించి అడిగాడు. పెద్దది వనపర్తిలో చదువుతోందని చెప్పాను. మిషన్ ఆగింది.

"బావ ఎప్పటి లెక్కనే నవ్విండు సారూ. నేను గూడ నవ్వాల్నని చూసిన. గా పొద్దు నవ్వు రాలె."

ఊరికి వచ్చాక చెప్పాలా వద్దా అని చాలా తర్జనభర్జన పడి, చెల్లెలి దగ్గరికి పోయాను. భర్త పోయినప్పటి నుంచీ తోటలు తనే గుత్తకు పడుతోంది. చెట్టు కింద కాయలు ఏరుతోంది. చెప్పాను. చేతులు ఆగలేదు.

"సన్నగైండా?" అంది.

"లేదు, జర లావైండు."

"ఎందుకు గాడు? నేను ఎండల తిరుగుతుంటి, ఆయన నీడకు కూసోని తినె."

నేను లేవబోతుంటే కొన్ని మంచి కాయలు ఏరి సంచిలో వేసి నా చేతికిచ్చింది.

"ఇవి మీ ఇంటికే సారూ. గద్వాలకు పంపెటందుకు గాదు" అంది.

పంపుతానని నేను అననే లేదు.